నక్షత్రం గుర్తున్న పదిహేడు వరుసలు

డెట్రాయిట్ శివార్లలోని ఒక ఆసుపత్రిలో శశికళ ప్రోగ్రామర్. ల్యాబ్ యంత్రం పంపే రక్తపరీక్షల వరుసలను చదివి, ఫలితాలను వార్డుల ప్రింటర్లకు చేరవేసే ప్రోగ్రాం ఆమె రాసిందే. నక్షత్రం గుర్తుతో మొదలయ్యే వరుసల్లో యంత్రం తాలూకు సొంత గోల తప్ప ఏమీ ఉండేది కాదు. అలాంటివి కనబడితే చదవకుండా దాటెయ్యమని రాసింది. మూడేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు.

1984 మార్చిలో, ఒక సోమవారం, ల్యాబ్‌లో కొత్త యంత్రం పెట్టారు. గురువారం మధ్యాహ్నం నాలుగో అంతస్తు నర్సు ఫోన్ చేసింది.

"మిస్టర్ హాల్వర్సన్ పొటాషియం రిజల్ట్ పొద్దుట్నుంచీ రాలేదు. మిగతావన్నీ వచ్చాయి."

యంత్రం పంపిన అసలు వరుసలను శశికళ తెర మీదికి తెచ్చుకుంది. హాల్వర్సన్ పొటాషియం ఏడు దాటింది. గుండె ఆగిపోయే ప్రమాదం. ఆ వరుస ముందు నక్షత్రం. కొత్త యంత్రం ప్రాణం మీదికొచ్చిన ఫలితాలకే ఆ గుర్తు పెడుతోంది.

శశికళ నర్సుకి అంకె చెప్పి, "డాక్టర్‌ని ఇప్పుడే పిలవండి" అంది. ఆ తర్వాత సోమవారం నుంచి దాటిపోయిన ఫలితాలన్నీ వెతికి, జాబితా అచ్చు తీసింది. పదిహేడు.

తెలియకుండానే భర్త రాజగోపాల్ ఆఫీస్ నంబర్ తిప్పి, జరిగింది చెప్పింది.

"మెషీన్ తప్పని చెప్పు శశీ. వాళ్లు ఫార్మాట్ మార్చి నీకు చెప్పలేదు, అంతే. నెక్స్ట్ మంత్ గ్రీన్‌కార్డ్ ఇంటర్వ్యూ పెట్టుకుని..."

"చెప్పారండీ. మాన్యువల్ నా టేబుల్ మీదే ఉంది. నేనే తిరగెయ్యలేదు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

సూపర్‌వైజర్ డోనా దగ్గరికి పరుగెత్తి, జాబితాను రెండుగా చింపి సగం ఆమె చేతిలో పెట్టింది. "నా తప్పే. తర్వాత ఏమన్నా అనండి. ముందు వీళ్లకి ఫోన్ చెయ్యండి, ప్లీజ్."

నాలుగున్నరకల్లా పదహారు మంది ఆచూకీ తెలిసింది. కొందరికి డాక్టర్లే అనుమానం వచ్చి పరీక్ష మళ్లీ చేయించారు. హాల్వర్సన్‌కి మందెక్కించారు, గండం గడిచింది. మిగిలింది ఎడ్నా ప్రూట్, డెబ్బై ఒక్కేళ్లు. మంగళవారమే ఇంటికి పంపేశారు.

ఆ ఇంటి ఫోన్ మోగి మోగి ఆగిపోయేది. శశికళ మళ్లీ తిప్పేది. ఎత్తండమ్మా, ఎత్తండి, అని తెలుగులోనే గొణుక్కుంది. ఎన్నోసారికో ఎవరో ఎత్తారు.

"అమ్మ నిన్న పొద్దున పోయింది," అంది ఎడ్నా కూతురు. "మీరెవరు?"

డోనా వద్దన్నట్టు తలూపి, రిసీవర్ కోసం చెయ్యి చాపింది. శశికళ దాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"మీ అమ్మగారి రక్తపరీక్ష రిజల్ట్ డాక్టర్‌కి అందలేదు. ఆ ప్రోగ్రాం రాసింది నేను."

అటువైపు ఆ కూతురు కాగితం వెతుక్కుంటున్న అలికిడి.

"మీ పేరు స్పెల్లింగ్ చెప్పండి."

శశికళ ఒక్కొక్క అక్షరమే చెప్పింది. మధ్యలో ఒక అక్షరం తప్పితే ఆగి, మళ్లీ మొదటినుంచి చెప్పింది.