మెడముక్క వాటా

పంతొమ్మిదో అడ్డాకు పరిచి గాసి కత్తి అందుకున్నాడు. బండ మీద రెండు వరసల ఆకులు, పక్కన కొత్త కొర్రలు ఇంటికొచ్చే కొర్రకొత్త పండక్కి కోసిన లేత గొర్రెపోతు. ఊళ్ళో పంతొమ్మిది గడపలు, గడపకొక ఆకు. ప్రతి ఆకులోనూ తొడ కొంత, పక్కటెముక కొంత, కార్జం ఇంత, బోటి ఇంత పడాలి. కూరకు ఏ ముక్క బాగుంటుందో ఏరుకునే బేరం ఆ కొండ మీద లేదు. కొవ్వైనా కొరతైనా అందరికీ ఒకటే.

ఆ ఏడే, పంతొమ్మిది వందల ఇరవై ఆరులో, సర్వే దొర గొలుసులు లాగించి అరకు లోయను రెండుసార్లు కొలిపించాడు. గాసి గొర్రెను కంటితో ఒక్కసారే కొలిచేవాడు. నలభై ఏళ్ళుగా అదే పని. కురచ మనిషి. నెత్తిన జుట్టు తగ్గినకొద్దీ కనుబొమలు గుబురెక్కాయి. కత్తి పిడికి ఆనీ ఆనీ కుడి బొటనవేలు పక్కకు ఒరిగిపోయింది. అతని చేతిలో కత్తి ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో ఎవరూ ఎవరి మీదా కత్తులు నూరలేదు. గాసిది ఎముకలేని చెయ్యని పొగిడేవారు. ఆ చెయ్యి ఇంటికి తెచ్చేది మాత్రం ఎముకలే. అందరూ తలో ఆకు ఎంచుకున్నాక వాటాలు వేసినవాడు చివరి ఆకు తీసుకోవాలి, అది కట్టుబాటు. గొర్రెకు మెడ ఒక్కటే, పంతొమ్మిది ముక్కలకు లొంగదు. అందుకని దాన్ని ఎప్పుడూ చివరి ఆకులో వేసి, తన మెడకే చుట్టుకునేవాడు.

ఇవాళ గాసి కత్తి దించి ఇంటి వైపు చూశాడు.

ఇంట్లో అతని పెళ్ళాం గంగ తొమ్మిది రోజులుగా చలిజ్వరంతో పడి ఉంది. చోడి అంబలి పెదవి దాటడం లేదు. "జొరం దిగినాది. ఇంక ఆకలి ఎక్కాల. తింటే నిలబడతాది, నేకపోతే నేదు," అన్నాడు మందిచ్చే దిసారి. అప్పట్నించీ గాసికి ఒకటే ఆలోచన. ఏ ముక్క పెడితే తింటుంది? ఏ ఇంట్లో ఎవరికి ఏది ఇష్టమో చెప్పగలడు గాని, సొంత పెళ్ళాన్ని అడిగిన పాపాన పోలేదు. తెచ్చేది ఒకటే అయినప్పుడు అడగడానికి ఏముంది?

మెత్తనిదే మంచిదనుకున్నాడు. అటూ ఇటూ చూసి, లేత తొడముక్కనీ గుప్పెడు కార్జాన్నీ చివరి ఆకులో పెట్టి, పైన బోటి కప్పాడు. మెడను మొదటి ఆకులోకి నెట్టాడు. పుట్టి బుద్ధెరిగాక చేసిన మొదటి దొంగతనం అది. కార్జం దాగింది గాని, ఎర్రబడ్డ చెవులు దాగలేదు.

ముందు ఎంచుకునే వంతు సుక్రుది. గాసికి బావ వరస. ఆకులన్నీ చూసుకుంటూ వచ్చి చివరిదాని దగ్గర కాసేపు ఆగాడు.

"ఏటి బావా, ఈ ఏడు గొర్రికి మెడ ముందుకొచ్చినాది?"

"గొర్రికి మెడ ముందే ఉంటాది కదేటి," అన్నాడు గాసి, తల ఎత్తకుండా.

సుక్రు నవ్వి ఆ మెడ ఉన్న ఆకే తీసుకున్నాడు. తర్వాత పదిహేడుగురు వచ్చారు. ఒక్కరూ చివరి ఆకు మీద చెయ్యి వెయ్యలేదు.

గాసి స్వయంగా అల్లం నూరి, పసుపూ ఎండుమిరపా వేసి వండాడు. గంగను గోడకు ఆనించి ముద్ద అందించాడు. ఆమె కార్జం నమిలి నమిలి, మింగలేక ఆకు మీదే పెట్టేసింది.

"మెడ ఏది మావా?"

గాసి ఆకులో బోటి ముక్కలు అటూ ఇటూ నెట్టాడు.

"ఎముక సీకితే ముద్ద దిగుతాది. ఈ మెత్తంది నోట్లో సేదుగుంది," అంది గంగ.

గుమ్మంలో సుక్రు పెళ్ళాం సోములమ్మ కుండతో నిలబడి ఉంది. వెనకాల సుక్రు, అతని వెనకాల సగం ఊరు.

"బేగి పెట్టన్నా, సల్లారిపోతాది. మెడ పులుసు."

"నాను దొంగతనం సేసినాను సెల్లీ," అన్నాడు గాసి, నేల చూస్తూ.

"సేసినావు, సరిగ్గా సేతకాలేదు," అన్నాడు సుక్రు. "మా ఆకుల్లో కార్జం నలుసంత పడితే తెలవదేటి?"

సోములమ్మ అందరికీ వినబడేలా చెప్పింది: "వదినికి మెడంటే పేణం. మావ సివరాకు తెస్తాడు, నా అదురుష్టం అని నలబై ఏళ్ళనించి నీళ్ళకాడ సెప్తానే ఉంది. ఊరందరికీ తెలుసు, నీకే తెల్దు. అందుకే మా ఆడు మెడ తీసినాడు, మిగతాళ్ళు ఆ కార్జం నీకొదిలేసినారు."

గంగ ఎముక చీకింది. ముద్ద దిగింది. రెండో ముద్ద ఆమే అడిగింది. గాసి మొహం చూసి గుమ్మంలో అందరూ నవ్వారు.

"నవ్వించకండి, పొలమారతాది," అంది.

ఆ తర్వాత రెండేళ్ళకు ఒక చలికాలపు తెల్లవారుజామున గాసి నిద్రలోనే పోయాడు. వాటా వేసినట్టే, ఎవరికీ నొప్పి లేకుండా. కత్తి ఎవరికివ్వాలనే మాట వచ్చినప్పుడు అందరూ గంగ వైపు చూశారు. వచ్చిన కొర్రకొత్తకు ఆమె పంతొమ్మిది ఆకులు నింపింది. అందరూ తీసుకున్నాక, మెడముక్క ఉన్న చివరి ఆకు పట్టుకుని, తనలో తాను నవ్వుకుంటూ ఇంటికి నడిచింది.

బండ మీద, గాసి కూర్చునే చోట, ఇరవయ్యో ఆకు ఉండిపోయింది. అందులో ఏమీ లేదు, గాలికి ఎగిరిపోకుండా గంగ పెట్టిన గులకరాయి తప్ప.