రెండు నిమిషాల పాపసంకీర్తనం

ప్రతి ఆదివారం పూజకు పది నిమిషాల ముందు, చర్చి గేటు బయట నిలబడి నేను ఒక ముక్క తింటాను. ఆకలై కాదు. ఇడ్లీయో, మిగిలిన చపాతీయో, ఏదీ లేకపోతే ఇంత బెల్లం. పూజలో ఫాదర్ పంచే పవిత్రమైన అప్పాన్ని, దివ్యసత్ప్రసాదాన్ని, తీసుకునేవాళ్ళు గంటసేపు ముందు నుంచీ ఏమీ తినకూడదని మా చర్చిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అందరూ లేచి వరుసలో వెళ్తుంటే నేను బెంచీ మీదే ఉండిపోతాను. పక్కామె వింతగా చూస్తే "తిన్న అక్కా" అంటాను. అది అబద్ధం కాదు. అబద్ధమాడటం నాకు చేతకాదు గానీ, ఆడకుండా తప్పించుకోవడం మాత్రం ఈ ఆరేళ్లలో బాగా వంటబట్టింది.

మా అత్త బుగ్గమ్మకు ఇది తలకొట్టేసినట్టుగా ఉంటుంది. బాప్తిస్మంలో మరియమ్మ అని పేరు పెట్టినా ఊరంతా ఆమెను బుగ్గమ్మ అనే పిలుస్తారు. "జరసేపు కడుపు కట్టుకోలేవా ఫిలోమినా? నీ మొగుడు సంఘానికి పెద్ద. నువ్వేమో తిండికి ఆగలేక బెంచీకి అతుక్కుంటవ్" అంటుంది, నలుగురూ వినేలా. నేను తలొంచుకుంటాను. తిండిపోతునన్న పేరు నాకు నయమే. అసలు సంగతి కంటే నయం.

అసలు సంగతి ఇది. మా చిన్నది చంటి పుట్టినప్పుడు నాకు ఆగకుండా రక్తం పోయింది. మూడో కాన్పు అయితే ప్రాణానికే ముప్పని డాక్టరమ్మ చెప్పింది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకోవడం పాపమని మా చర్చి చెప్తుంది. నేను ఆ మాట నమ్మి పెరిగినదాన్ని, ఇప్పటికీ నమ్ముతున్నదాన్ని. మఠం సిస్టర్లు చెప్పినట్టు రోజులు చూసుకుని దూరంగా ఉందామంటే మా ఆయన రాయప్ప పెద్దగా నవ్వాడు. పోనీ నువ్వు చేయించుకో, మగవాళ్లకు తేలిక అంటున్నారు కదా అంటే నవ్వు ఆపేశాడు. "నేను మిల్లుల బస్తాలు మోసేటోన్ని. నీకైతే చిన్న కుట్టు" అన్నాడు. ఆయనే కాగితం మీద సంతకం పెట్టాడు. నేను బల్ల మీద పడుకున్నాను. నాలుగో రోజు నుంచి నీళ్లబిందెలు మోశాను.

ఆ తర్వాత రింగురోడ్డు వస్తుందని మాట పుట్టింది. తుర్కయాంజాల్ నుంచి ఇటు మా ఇబ్రహీంపట్నం దాకా చేలల్లో రంగేసిన హద్దురాళ్లు లేచాయి. బస్తాల రాయప్ప తెల్లచొక్కా తొడుక్కుని సిటీవాళ్లకు ప్లాట్లు చూపించడం మొదలుపెట్టాడు. ఇప్పుడు ఆయన మోసే బరువు ఒక సెల్‌ఫోను. పోయినేడు చర్చిలో కుటుంబాల పండుగ జరిగితే సంఘం పెద్దగా మైకు పట్టుకుని, "పిల్లలు దేవుడిచ్చే వరం. మాకు ఇద్దర్నే ఇచ్చిండు. ఆయన చిత్తం" అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టబోయి ఆగి, కుట్టు ఉన్నచోట చీర మీద నుంచే చెయ్యి పెట్టుకున్నాను. అదే మనిషి ప్రతివారం నాలుక చాపి దివ్యసత్ప్రసాదం తీసుకుంటాడు. శనివారం శనివారం బలిపీఠం బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే నేను, ఫాదర్‌కు చెప్పుకోని పాపంతో ఆ ప్రసాదం దగ్గరికి వెళ్లలేను.

ఇలాగే గడిచిపోయేదేమో. కానీ ఈ ఆదివారం మా పెద్దది సెలీనకు ప్రథమ దివ్యసత్ప్రసాదం. కొత్తగా వచ్చిన ఫాదర్ ఒక పద్ధతి పెట్టాడు. బిడ్డకు అటూ ఇటూ తల్లీ తండ్రీ నిలబడి ముగ్గురూ కలిసి తీసుకోవాలి. అందుకు శనివారం సాయంత్రం తల్లిదండ్రులు పాపసంకీర్తనం చేయాలి, అంటే చేసిన పాపాలన్నీ ఫాదర్ దగ్గర ఒంటరిగా చెప్పుకోవాలి. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. పదకొండు మంది ఆడపిల్లలకు తెల్లగౌన్లు కుట్టే పని కూడా నాదే, దేవుని పని కాబట్టి ఊరికే. కుడిచెయ్యి ఎడమవైపు కుట్టి, విప్పి, మళ్లీ అటే కుట్టాను.

సెలీనకు గౌను తొడిగి చూస్తుంటే అది నా మెడ చుట్టూ చేతులేసింది. "అమ్మా, ఆదివారం నువ్వు తినకు. మర్చిపోతవేమో, నేను యాది చేస్త" అంది. తొమ్మిదేళ్ల పిల్ల. దానికి కూడా నేను తిండికి ఆగలేని తల్లినే. నోట్లో గుండుసూదులు ఉన్నాయి కాబట్టి జవాబు చెప్పే పని తప్పింది.

శుక్రవారం అన్నం తింటూ రాయప్ప అన్నాడు. "ఆ ఒక్కటి తప్ప అన్నీ చెప్పు. కోపం, అత్తకు ఎదురు మాట్లాడుడు, జపమాల చెప్పకపోవుడు. మస్తున్నయి గదా నీకు."

"దాచిపెట్టి చేస్తే అది ఇంకో పాపం గదా."

"ఫాదర్‌కు తెలిస్తే నా ఇజ్జత్ ఏమైతది?"

"నువ్వు చెప్పినవా ఎప్పుడన్న?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనేం చెప్పుకోవాలె? ఆపరేషన్ నీకైంది."

ఆ రాత్రంతా నా చెవుల్లో అదే మాట. ఇంకో భయం కూడా ఉంది, అది రాయప్పకు చెప్పినా అర్థం కాదు. పశ్చాత్తాపం లేకుండా పాపం చెప్పుకుంటే క్షమాపణ ఉండదు. నాకు పశ్చాత్తాపం ఉందా? చంటి జడ వేస్తున్నప్పుడు, సెలీన నిద్రలో కాలు నా మీద వేసినప్పుడు, బతికి ఉన్నందుకు నాకు సంతోషంగానే ఉంటుంది. ఆ సంతోషం పాపమైతే నేను దాన్ని వదలలేను. వదిలానని ఫాదర్ ముందు అబద్ధం చెప్పలేను. ఇక బిడ్డ పక్కన ఎలా నిలబడతాను?

శనివారం చర్చిలో పాపసంకీర్తనం వరుసలో రాయప్ప నా ముందు ఉన్నాడు. లోపలికి వెళ్లాడు, వచ్చాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఫాదర్ ప్రాయశ్చిత్తంగా చెప్పమన్న ఒక పరలోక జపం చెప్పుకుని, బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను లోపలికి వెళ్లి, ఫాదర్‌కూ నాకూ మధ్య ఉన్న చెక్క జాలీ ముందు మోకరించాను.

"చెప్పమ్మా" అన్నాడు జాలీ అవతలి నుంచి ఫాదర్.

"పిల్లలు కాకుంట ఆపరేషన్ చేయించుకున్న ఫాదర్. ఆరేండ్లయింది."

"ఎవరు నిర్ణయించారమ్మా?"

"మా ఆయన సంతకం పెట్టిండు. నేను పండుకున్న."

"అందుకు బాధపడుతున్నావా?"

వచ్చింది ఆ ప్రశ్న. "బతికినందుకు బాధపడలేను ఫాదర్. ఇన్నేండ్లు దేవునికి దూరంగ కూసున్నందుకు బాధ. ఇద్దరి పాపాన్ని నా ఒక్కదానిదే అనుకున్నందుకు బాధ. అప్పుడు నన్ను ఎవ్వరు అడుగలే. ఇప్పుడు నన్నొక్కదాన్నే అడుగుతుండ్రు."

ఇక లేచిపొమ్మంటాడని పైట బిగించుకున్నాను. "ఇది నీ ఒక్కదాని బరువు కాదు తల్లీ" అన్నాడు ఫాదర్, గొంతు తగ్గించి. పాపవిమోచన ప్రార్థన చెప్పాడు. రేపు నీ బిడ్డ పక్కన నిలబడు అన్నాడు.

ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. ఆరేళ్లు! ఇంత చిన్న మాటకు ఆరేళ్లు. ఏడుపు తర్వాత వచ్చింది, పమిట తడిసేంత.

బయటికి రాగానే రాయప్ప నా మొహం చూసి ఫోన్ జేబులో పెట్టాడు. "చెప్పినవా?" అన్నాడు గుసగుసగా.

"చెప్పిన."

"నా సంగతి గూడ?"

"సంతకం నువ్వు పెట్టినవని చెప్పిన. మిగిలింది నీది. నీ నోటితోనే చెప్పుకోవాలె."

"గింతమందిల మళ్ల లోపలికి పోతే ఏమనుకుంటరే?"

"ఏమన్న అనుకోని. రేపు సెలీన పక్కన నేనైతే నిలబడ్త. రెండో పక్క ఖాళీగ ఉంటదో లేదో నీ ఇష్టం. లెవ్వు, ఫాదర్ ఇంక లోపల్నే ఉన్నడు."