దుప్పటి అంచున చుక్కలు

నరసరావుపేట కాలేజీలో లెక్కలు చెప్పే గోపాలకృష్ణయ్యను 1959లో ఒక సమస్య పట్టుకుని అన్నం సహించనివ్వలేదు. చుక్కలను గీతలతో కలిపి కట్టే జాలకాలంటే ఆయనకు ప్రాణం. ఏ రెండు చుక్కలు తీసుకున్నా, రెండింటికీ పైన అతి దగ్గరి చుక్క ఒకటి, కింద అతి దగ్గరి చుక్క ఒకటి ఉండాలి. అదే జాలకం. మనం కోరిన విధాలుగా చుక్కల్ని తారుమారు చేస్తే బొమ్మ మారకూడదు, ఇంకే విధంగా చేసినా చెడిపోవాలి. ఎలాంటి కోరికకైనా సరిపోయే జాలకం కట్టి తీరుతానని ఆయన పంతం. కట్టిన ప్రతిదాంట్లోనూ ఏవో రెండు చుక్కలు దొంగల్లా చోట్లు మార్చుకునేవి.

ఆదివారం చర్చి అయ్యాక రాహేలు వచ్చేది. ఆయన దగ్గరే చదివి, బాలికల బడిలో లెక్కల పంతులమ్మ అయిన పిల్ల. కాలేజీలో ట్యూటర్ పోస్టు మీద ఆశలన్నీ పెట్టుకుంది. తల్లి ఆరోగ్యమ్మ ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికేది. రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం రాహేలు ఆయన గీసిన జాలకం బొమ్మను చాలాసేపు చూసింది.

"మా అమ్మ దుప్పటి అంచున ఉతికినా పోని నల్లజీడి రసంతో చుక్కలు పెడతది సార్. ఒక వార్డుకి రెండు, ఇంకోదానికి మూడు. ఇంక కలవ్వు. మనం కూడా ఒక్కో రకం చుక్కకి ఒక్కో పొడుగు చుక్కల తోక తగిలిస్తే?"

గోపాలకృష్ణయ్య కలం కింద పెట్టేశాడు. వారంలో నిరూపణ పూర్తయింది. వ్యాసం చివర ఆమెకు కృతజ్ఞత చెబుతూ ఒక వాక్యం రాశాడు కూడా. అంతలో అనుమానం వచ్చింది. ఆలోచన చాకిరేవు నుంచి వచ్చిందంటే పెద్దలు నవ్వరూ? అదంతా సాకు. మెప్పు పంచుకోవడానికి మనసొప్పలేదు, అంతే. ఆ వాక్యం కొట్టేసి సాపు రాశాడు.

వ్యాసం అచ్చయింది. మరుసటేడు ట్యూటర్ పోస్టు ఇంటర్వ్యూలో, పరిశోధన ఏమైనా చేశావా అని రాహేలును అడిగారు. అడిగినవాళ్ల పక్కన ఆయనా కూర్చున్నాడు. ఆమె ఒకసారి ఆయన వైపు చూసి, లేదండీ అంది. ఆయన బల్ల మీది కాగితాలు సర్దుకున్నాడు. పోస్టు ఇంకెవరికో పోయింది.

ఆ చూపు ఆయన్ని ఆరేళ్లు వదల్లేదు. 1968లో బస్సెక్కి, ఆమెకు బదిలీ అయిన పిడుగురాళ్ల వెళ్లాడు. సున్నపు బట్టీల దుమ్ము పేరుకున్న బడి వరండాలో రాహేలు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతోంది. లేచి కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చింది. తప్పు చేశానమ్మా, పత్రికకు రాసి నీ పేరు వేయిస్తానన్నాడు.

"రాయండి సార్. మీ మనసు కుదుటపడిద్ది. ఆ పోస్టుకి నాకు వయసు దాటిపోయింది. అచ్చులో నా పేరు మా అమ్మకి మాత్రం చూపించాలని చానా ఉండేది. అమ్మ కిందటేడు పోయింది."

ఇంటికొచ్చి, దుప్పట్ల సంగతితో సహా నిజమంతా రాసి పంపాడు. రెండు నెలలకు జవాబు వచ్చింది. వ్యాసంలోని గణితంలో ఏ పొరపాటూ లేదు గనుక సవరణ వేయవలసిన అవసరం కనబడటం లేదని, ఎంతో మర్యాదగా రాశారు.

గోపాలకృష్ణయ్య ఆ కాగితాన్ని పదే పదే చదివాడు. ఆనాడు కొట్టేసింది ఒక్క వాక్యం. దాన్ని తిరిగి పెట్టడానికి ఇప్పుడెక్కడా చోటు లేదు.