అరగంట ముందొచ్చే అడుగులు

అమెరికాలో, అల్ఫారెట్టాలో జోసఫ్‌గారింట్లో సాయంత్రం కుక్కర్ పెట్టడానికి గడియారం చూడరు. కరుణమ్మ అడుగులు రాగానే పెడతారు.

ఆవిడ క్లినిక్‌లో బిల్లింగ్ పని ముగించుకుని కారెక్కే వేళకి ఇక్కడ ముందు తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడవుతుంది. అక్కడి నుంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి, మళ్ళీ వెనక్కి వచ్చి హాలు పక్క గదిలో కిటికీ దగ్గరి సోఫా దాకా, ఎడమ కాలు కాస్త ఈడ్చినట్టు అడుగులు నడిచొచ్చి ఆగిపోతాయి. మనిషి ఉండదు. అడుగు పడ్డ చోట చెయ్యి పెట్టి చూస్తే చెక్క నేల వెచ్చగా ఉంటుంది. ఇంటి నుంచే ఉద్యోగం చేసుకునే జోసఫ్ అప్పుడు లాప్‌టాప్ మూసేసి బియ్యం కడుగుతాడు. ఓ అరగంటకి కారు వచ్చి ఆగుతుంది. కరుణమ్మ అదే దారిన నడిచి, అదే సోఫాలో కూలబడి, "అన్నం అయిందాండీ?" అంటుంది.

ఇంటికొచ్చి మొదటిసారి కూర్చునే దాకా ఆవిడ ఏ దారిన నడుస్తుందో, అడుగులూ ఆ దారినే నడుస్తాయి. అంతవరకే వాటి పని. ఆవిడ దారిలో మామిడిపళ్ళు కొన్న రోజున అడుగులు ముందు ఫ్రిజ్ దగ్గరికి పోయాయి. చిన్నప్పుడు నరసాపురంలో వాళ్ళమ్మ కూడా ఈ అడుగులు విన్నాకే పొయ్యి మీద పెనం పెట్టేదట. పెళ్ళయ్యాక అత్తగారు అడిగింది ఒకటే మాట. "అడుగులొచ్చినప్పుడు తలుపు తియ్యాలా అమ్మా, అవే వచ్చేస్తాయా?"

ఇంత బాగా సాగుతున్న ఇంట్లోకి సెన్సార్ ఎందుకొచ్చిందంటే, జోసఫ్ భయం వల్ల వచ్చింది.

జోసఫ్ మంచివాడే గాని భయం మనిషి. కారు లాక్ చేసి పది గజాలు నడిచి, వెనక్కి వచ్చి మళ్ళీ లాక్ చేస్తాడు. అలాంటి మనిషికి, పక్క సబ్‌డివిజన్‌లో, అంటే పక్క కాలనీలో, ఆదివారం పూట తెలుగువాళ్ళింట్లో దొంగలు పడి బంగారం పట్టుకుపోయారని వాట్సాప్‌లో వచ్చింది. ఇక నిద్ర ఎక్కడిది?

"ఆదివారం మనం చర్చిలో ఉంటామని వాళ్ళకి తెలుసు కరుణా. అన్నీ చూసుకునే వస్తారు."

"మనింట్లో ఏముందండీ, మీ పాత లాప్‌టాప్‌లు తప్ప? పోతే పోనీండి. ఆ అల్మైరా ఖాళీ అవుతుంది."

ఆవిడ నవ్వింది. జోసఫ్ నవ్వలేదు. ఆ వారమే వైర్లు అక్కర్లేని మోషన్ సెన్సార్లు మూడు తెప్పించాడు. ఒక్కొక్కటీ సబ్బుబిళ్ళంత ఉంది. వాటితో పాటు ఓ హబ్, అంటే ఆ సెన్సార్లు చెప్పేది విని సైరన్ మోగించే డబ్బా.

బిగించడానికి రెండు వీధుల అవతల ఉండే సత్యం వచ్చాడు. సత్యానిది కరీంనగర్. ఆదివారాలు క్రికెట్ ఆడతాడు, మిగతా రోజులు దాని గురించి చెబుతాడు.

"అన్నా, ఇంటికి కాపలా పెడుతున్నవా, బ్యాంకుకా?" అంటూ నిచ్చెన పట్టుకున్నాడు.

హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, సోఫా గదిలో ఒకటి. బ్యాటరీ దగ్గర ప్లాస్టిక్ ముక్క లాగితే హబ్ కుయ్‌మంటుంది, ఫోన్‌లో పేరు పెట్టుకోవాలి. గది మూల, మనిషి తలకి పైన అంటించాలి. కిటికీకి ఎదురుగా ఉండకూడదు, వేడిగాలి వచ్చే వెంట్ దగ్గర ఉండకూడదు. ఎందుకంటే అది మనిషి ఒంటి వేడి కదలడం చూసి పట్టుకుంటుంది. జోసఫ్ ఇదంతా ముందే చదివి పెట్టుకున్నాడు.

అంటించాక టెస్ట్. సత్యం సెన్సార్ మీదికి యుద్ధానికి పోతున్నట్టు ఎదురుగా నడిచాడు. లైటు వెలగలేదు.

"ఏందన్నా, నేను కనవడ్తలేనా దీనికి?"

"ఎదురుగా కాదు సత్యం. అడ్డంగా నడువు. ఈ గోడ నుంచి ఆ గోడకి."

అడ్డంగా నడిస్తే ఎర్రలైటు టక్కున వెలిగింది. జోసఫ్ ముఖం కూడా వెలిగింది. ఆ ఊపులో సైరన్ కూడా చూద్దామని ఫోన్‌లో ఎర్ర బటన్ నొక్కాడు. హాలు కిటికీలో పెట్టిన హబ్ ఒక్కసారి ఊళ వేసింది. పక్కింటి డొరొతీ బయటికొచ్చి చూసింది. వంటింట్లో కరుణమ్మ చేతిలో గరిటె కింద పడింది.

"అమ్మో, అదేం కూతండీ! ముందే చెబుతున్నా, అది మోగుతుంటే మాత్రం నేనీ ఇంట్లో కాలు పెట్టను."

"కోడ్ నొక్కితే ఆగిపోతుంది వదినా, మీరు కూడా నేర్చుకోండ్రి," అన్నాడు సత్యం.

"నాకేం అక్కర్లేదు. ఎవరు పెట్టారో వాళ్ళే ఆపుకోండి."

మొదటి ఆదివారమే గొడవయింది. కరుణమ్మ పాటల బృందంలో ముందుంటుంది, జోసఫ్ వెనకాల సౌండ్ బోర్డు దగ్గర మైకులు చూసుకుంటాడు. ప్రాక్టీసుకి ఆవిడ ముందుగా పోవాలి గనక రెండు కార్లలో వెళతారు. ఆ రోజు పాటయ్యాక ఆవిడ ఇంటికి బయల్దేరింది. పాస్టర్‌గారు ప్రసంగంలో శాంతి సమాధానాల గురించి చెబుతుండగా జోసఫ్ జేబులోని ఫోన్‌లోంచి సైరన్ మోగింది. చర్చి అంతా వెనక్కి తిరిగింది. తీరా చూస్తే ఇంట్లో కదిలినవి కరుణమ్మ అడుగులు.

కంపెనీవాళ్ళకి ఫోన్ చేశాడు. ఒకామె ఓపిగ్గా విన్నది.

"ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉందా సార్? దానికి వేరే సెట్టింగ్ ఉంది."

"లేవు మేడమ్. మా ఆవిడ అడుగులు. అరగంట ముందొస్తాయి."

ఆమె కాసేపు ఆగమని ఎవరినో కనుక్కుని వచ్చింది. "అడుగులు పెంపుడు జంతువుల కిందికి రావు సార్. కుటుంబ సభ్యుల కిందే చేర్చుకోవాలి. అప్పుడు సైరన్ మోగదు, ఏ గదిలో ఉన్నాయో మాత్రం ఫోన్‌లో కనిపిస్తుంది."

జోసఫ్ చేర్చాడు. ఇక అక్కడితో ఆగాల్సింది. ఆగితే జోసఫ్ ఎందుకవుతాడు? దొంగ గరాజ్‌లోంచి వస్తే?

ఆ గరాజ్ గురించి చెప్పాలి. మనవాళ్ళ గరాజ్‌లలో కారు తప్ప అన్నీ ఉంటాయి. జోసఫ్ గరాజ్‌లో బియ్యం బస్తాలు, పాత సూట్‌కేసులు, ఒక మూల చేపల స్టవ్. చేపలు వంటింట్లో వండితే వాసన వారం రోజులు పోదని, వచ్చినవాళ్ళు ఏమనుకుంటారోనని జోసఫే ఆ స్టవ్, దానికో చిన్న గ్యాస్ సిలిండర్ పెట్టించాడు. నిజానికి కరుణమ్మకి ఏ వాసనా తెలియదు. కోవిడ్ వచ్చి పోయినప్పుడు అది కూడా తీసుకుపోయింది. పులుసు మాడుతోందో లేదో "ఏవండీ, ఓసారి ముక్కు పట్టుకురండి," అని పిలిచి కనుక్కుంటుంది.

తరవాతి శనివారం మధ్యాహ్నం ఆవిడ ఆ స్టవ్ మీద బొచ్చెచేప పులుసు పెట్టింది. ఆదివారం పాస్టర్‌గారి కుటుంబాన్ని భోజనానికి పిలిచారు. పులుసు ఒక రాత్రి నిలవుంటేనే రుచి. ఆవిడ స్టవ్ కట్టేసి లోపలికి వెళ్ళాక, సాయంత్రం జోసఫ్ కొత్తగా తెప్పించిన నాలుగో సెన్సార్ పట్టుకుని గరాజ్‌లోకి వచ్చాడు. మంచి మూల ఏదా అని చూస్తే, సరిగ్గా స్టవ్ ఉన్న మూలే. నిచ్చెనకి చోటు కావాలి. సిలిండర్‌ని ఒక చేత్తో పట్టుకుని పక్కకి లాగాడు. సెన్సార్ అంటించాడు, అడ్డంగా నడిచాడు, ఎర్రలైటు వెలిగింది. చాలా సంతోషపడ్డాడు.

మర్నాడు చర్చిలో పాటయింది. పులుసు వేడిచేసి అన్నం వండాలని కరుణమ్మ సైగ చేసి వెళ్ళిపోయింది. జోసఫ్ సౌండ్ బోర్డు చాటున ఫోన్ తెరిచాడు. కాసేపటికి అడుగులొచ్చాయి. ముందు తలుపు. హాలు. వంటిల్లు. గరాజ్.

గరాజ్ సెన్సార్ పనిచేస్తోంది, భలే, అనుకున్నాడు.

ఇక ఫోన్‌లో సోఫా గది వెలగాలి. ఎప్పుడు పులుసు వేడిచేసినా ఆవిడ స్టవ్ వెలిగించి, అది కాగేలోపు వచ్చి సోఫాలో కూర్చుంటుంది. జోసఫ్ చూశాడు. వెలగలేదు. వంటిల్లూ వెలగలేదు. ఫోన్ మూసి తెరిచాడు. గరాజ్ దగ్గరే ఆగి ఉంది. ఇన్నేళ్ళ కాపరంలో కరుణమ్మ అడుగులు సోఫా దాకా రాకుండా ఆగిపోయింది లేదు.

బ్యాటరీయేమో, సిగ్నల్ అందలేదేమో అని మనసుకి సర్దిచెప్పబోయాడు. అంతలో నిన్న సిలిండర్ లాగిన చెయ్యి గుర్తొచ్చింది. లాగినప్పుడు దాని రబ్బరు ట్యూబు బిగుసుకుని, ఎక్కడో కిర్రుమన్నట్టయింది. నిచ్చెన చప్పుడనుకున్నాడు. సిలిండర్ దగ్గర వాల్వ్ కట్టాడా? కట్టలేదు. రాత్రంతా గరాజ్ తలుపులు మూసే ఉన్నాయి. పొద్దున ఇద్దరూ ముందు తలుపు నుంచే బయటికొచ్చారు. గరాజ్‌లో అడుగుపెట్టినవాళ్ళు లేరు. ఇప్పుడు అడుగుపెట్టబోయే మనిషికి వాసన తెలియదు, ఆవిడ వెళ్ళేది అగ్గి వెలిగించడానికి.

జోసఫ్ చెవుల్లో ప్రసంగం వినబడటం మానేసింది.

కరుణమ్మకి ఫోన్ చేశాడు. చర్చిలో సైలెంట్‌లో పెట్టిన ఫోన్, హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంటుంది. మళ్ళీ చేశాడు. సత్యానికి చేశాడు. సత్యం ఫీల్డింగ్‌లో ఉన్నట్టున్నాడు. డొరొతీ నంబరు ఎన్నడూ అడగలేదు. ఊరందరినీ దొంగలనుకున్నవాడు పక్కింటావిడ నంబరు తీసుకోలేదు, చూడండి.

కారు దగ్గరికి పరుగెత్తాడు. లోపల మైకు కీచుమంది, ఎవరో చెవులు మూసుకున్నారు. కారు తాళం తీస్తుండగా ఆవిడ మాట గుర్తొచ్చింది. అది మోగుతుంటే మాత్రం నేనీ ఇంట్లో కాలు పెట్టను.

ఫోన్‌లో ఎర్ర బటన్ నొక్కాడు.

ఆ సైరన్ కాసేపు మోగి దానంతటదే ఆగిపోతుంది. అందుకని ప్రతి సిగ్నల్ దగ్గరా మళ్ళీ నొక్కాడు. మధ్యలో అత్యవసర నంబరు నైన్ వన్ వన్‌కి చేశాడు.

"ఇంట్లో ఎవరైనా ఉన్నారా సార్?"

"లేరు మేడమ్. మా ఆవిడ అడుగులున్నాయి. గరాజ్‌లో. గ్యాస్ లీకవుతోందని నా భయం."

"కదులుతున్నాయా?"

"లేదు మేడమ్. వచ్చినప్పటి నుంచీ కదల్లేదు."

అవతల ఒక్క క్షణం టైపు చేస్తున్న చప్పుడు ఆగింది. "ఫైర్ ఇంజన్ పంపిస్తున్నాను. ఆవిడని లోపలికి వెళ్ళనివ్వకండి."

"అదే చేస్తున్నాను మేడమ్, అదే చేస్తున్నాను," అంటూ జోసఫ్ ఏడ్చేశాడు. సిగ్నల్ పచ్చబడినా చూసుకోలేదు. వెనక కారు హారన్ కొట్టింది.

వీధి మలుపు తిరిగేసరికి ఇల్లు అరుస్తోంది. జోసఫ్ జీవితంలో అంత మధురమైన కూత వినలేదు. పచ్చిక మీద కరుణమ్మ కొంగు నడుముకి దోపుకుని, చెవుల మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. పక్కన డొరొతీ. వాళ్ళ ముందు ఫైర్ ఇంజన్ దిగినవాళ్ళు పరుగెడుతున్నారు.

"ఎక్కడ చచ్చారండీ ఇంతసేపు!" అంది కరుణమ్మ. "మీ దిక్కుమాలిన సెన్సార్! అవతల అన్నం పెట్టలేదు, పాస్టర్‌గారు వచ్చేస్తారు, ఇంట్లోకి పోదామంటే ఇది..."

జోసఫ్ వచ్చి ఆవిడ భుజాలు పట్టుకున్నాడు. పదిమందిలో పెళ్ళాం చెయ్యి కూడా పట్టుకోని మనిషి. ఆవిడ ఆయన ముఖం చూసి తిట్టడం ఆపింది.

గరాజ్ తలుపు చేత్తోనే పైకెత్తారు, కరెంటు ముట్టుకోలేదు. సిలిండర్ బయటికి తెచ్చి పెట్టారు. వాళ్ళలో పెద్దాయన వచ్చి, ట్యూబు బిగింపు దగ్గర వదులైందని, గరాజ్ నిండా గ్యాస్ ఉందని, లైటు స్విచ్ వేసినా పేలిపోయేదని చెప్పాడు.

కరుణమ్మ గరాజ్ వైపు చూసింది. తరవాత జోసఫ్‌ని చూసింది.

"సిలిండర్ నేనే జరిపాను కరుణా," అన్నాడు జోసఫ్. "దొంగ వస్తాడని."

"వచ్చాడుగా," అంది ఆవిడ మెల్లిగా.

ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ తీసి గాలి ఆడించారు. డొరొతీ కుర్చీ తెచ్చి వేసింది. కరుణమ్మ వద్దంది. "కూర్చుంటే నా ఇంట్లో నా సోఫాలోనే కూర్చుంటాను." పాస్టర్‌గారి కుటుంబం కూడా వచ్చి, చేతిలో కేకు డబ్బాతో పచ్చిక మీదే నిలబడ్డారు. చాలాసేపటికి పెద్దాయన మీటర్ పట్టుకుని ఇల్లంతా తిరిగొచ్చి, ఇక లోపలికి వెళ్ళొచ్చన్నాడు.

కరుణమ్మ కదలబోయింది. జోసఫ్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు. ఇంకా గరాజ్‌లోనే ఉన్నాయి."

ఫోన్ చూపించాడు. అందరూ దాని చుట్టూ మూగారు. ఫైర్ ఇంజన్‌వాళ్ళు కూడా పైపు చుట్టడం ఆపి నిలబడ్డారు.

వంటిల్లు.

"కదిలాయి," అన్నారు పాస్టర్‌గారు.

హాలు. ఆ తరవాత ఫోన్‌తో పని లేకపోయింది. తెరిచిన కిటికీలోంచి ఎడమ కాలు కాస్త ఈడ్చినట్టు చప్పుడు అందరికీ వినబడింది. సోఫా గది మూల ఎర్రలైటు టక్కున వెలిగింది. అడుగులు సోఫా దగ్గరికొచ్చి ఆగాయి.

జోసఫ్ ఫోన్ జేబులో పెట్టుకుని పచ్చిక మీద చతికిలబడ్డాడు.

కరుణమ్మ కిటికీలోంచి తన సోఫా వైపు చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చూశారా," అంది. "అవి హాయిగా వెళ్ళి కూర్చున్నాయి. నేను ఇంకో అరగంట నిలబడాలి."