అద్దంలో అత్త

ఇల్లులాంటి ఆర్వీ బండిలో ఎడారి పార్కులు చూసొచ్చే ఈ ప్రయాణంలో మా అత్త ఆర్డిత్‌ని స్టీరింగ్ ముట్టుకోనివ్వనని నా మొగుడు కర్ట్ నెబ్రాస్కాలో బయల్దేరకముందే తేల్చేశాడు. వేసవి మొదట్లో ఆవిడ తన ఇంటి ముందు పోస్టు డబ్బాని కారు వెనక్కి తీస్తూ పడగొట్టింది. మంచు తోసే బండి తగిలి అదప్పటికే వంగి ఉందని ఆవిడ వాదన. కర్ట్ వింటేనా?

"అద్దంలో నీకేం కనిపించట్లేదమ్మా. తిరిగి వెళ్ళగానే నీ కారు తాళాలు నాకిచ్చెయ్," అన్నాడు.

పొలాల మధ్య ఒక్కతే ఉండే మనిషి. పాలకైనా, చర్చికైనా, పేకాటకైనా కారే గతి. తాళాలు లాక్కోవడమంటే కాళ్ళు విరగ్గొట్టి కూర్చోబెట్టడమేనని నేనన్నాను. దానికి కర్ట్ నాతో ఒక పూట మాట్లాడలేదు. నాకూ విశ్రాంతి దొరికింది.

ఆర్చెస్ పార్కు దాటేదాకా అత్త వెనక సీట్లోంచి కర్ట్‌ని ఏడిపిస్తూనే ఉంది. "ఒరేయ్, ఆ సైకిలాయన మనల్ని దాటిపోయాడు, చెయ్యూపు." క్యాపిటల్ రీఫ్ పార్కు వచ్చేసరికి కర్ట్ మొహం అక్కడి ఎర్రకొండల రంగుకి వచ్చేసింది. అప్పుడు వేసింది ఆవిడ పందెం.

"ఇవాళ క్యాంపులో మన చోట్లోకి ఆర్వీని మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో రివర్సులో పెట్టెయ్. నా కారు తాళాలు నీవే. ఆపావో, నేను దిగుతాను రంగంలోకి. నేను పెట్టగలిగితే తాళాల మాట మళ్ళీ ఎత్తకూడదు."

"సరే," అన్నాడు వాడు, పళ్ళు బిగించి.

సాయంత్రం క్యాంపులోకి కొత్త బండి వస్తే చాలు, అందరూ మడత కుర్చీలు దారివైపు తిప్పుకుంటారు. మొగుడు బండి వెనక్కి తోలుతుంటే పెళ్ళాం చేతులూపడం, కాసేపటికి ఇద్దరూ అరుచుకోవడం... ఎడారిలో అంతకన్నా మంచి కాలక్షేపం లేదు. మా బండి వెనక నిలబడి చేతులూపే పని అత్త అడిగి మరీ తీసుకుంది. నాకప్పుడే అనుమానం వచ్చింది.

మా మామ హార్లన్ పోయాడు గానీ ఆయన పెట్టిన నియమం పోలేదు. వెనకున్న మనిషి అద్దంలో కనబడకపోతే ఆ క్షణమే బ్రేకు. కర్ట్‌కి నడక కన్నా ముందు అది నేర్పారు.

బండి వెనక్కి కదిలింది. అత్త రెండు చేతులూ ఊపింది, ఊపి ఊపి, పక్కనున్న లావుపాటి కాటన్‌వుడ్ చెట్టు చాటుకి తప్పుకుంది. బండి టక్కున ఆగింది.

"అమ్మ ఏదీ?" కర్ట్ కిటికీలోంచి అరిచాడు.

మా కూతురు టెస్ ఆ పొద్దున్నే, పార్కువాళ్ళు పిల్లలతో చేయించే చిన్న రేంజరు ప్రమాణం చేసి బిళ్ళ తగిలించుకుంది. నా పక్కనే నిలబడి నానమ్మ దాక్కోవడం చూసింది. చెప్పొద్దన్నట్టు నేను కళ్ళు పెద్దవి చేశాను.

"పార్కుని కాపాడతానని ప్రమాణం చేశాను గానీ, నాన్నని కాపాడతానని చెయ్యలేదులే," అంది నా చెవిలో.

ఈలోగా అత్త ఏమీ ఎరగనట్టు మళ్ళీ ప్రత్యక్షమైంది. వాడు కదిలించాడు. ఆవిడ మాయమైంది. మళ్ళీ బ్రేకు. కుర్చీలవాళ్ళలో ఒకాయన బీరు డబ్బా ఎత్తి, "మొదటిసారా బాబూ?" అని అడిగాడు. ఆర్వీలోనే పుట్టి పెరిగాడనదగ్గ నా మొగుడు స్టీరింగ్ వదిలేసి దిగాడు.

అత్త ఎక్కి సీటు ముందుకి జరుపుకుంది, అద్దం సర్దుకుంది. కర్ట్ వెనక్కెళ్ళి నిలబడ్డాడు. బండి మెత్తగా వెనక్కి వస్తోంది. సగం దూరంలో వాడు చటుక్కున అదే చెట్టు చాటుకి జారుకున్నాడు. ఆవిడ చూపు తేల్చేద్దామని వాడి ఎత్తు. మనిషి కనబడలేదని ఆవిడ ఆగకపోతే తాళాలు పోయినట్టే.

బండి ఆగింది. అంగుళం కూడా కదల్లేదు. కిటికీ అద్దం దిగింది.

"కర్ట్, చెట్టు వెనక నుంచి బయటికి రా. చొక్కా మీద ఆవసాసు మరక తుడుచుకుని రా, అదీ కనిపిస్తోంది నాకు."

కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి. కర్ట్ బయటికొచ్చాడు. చేతిలో అత్త నమిలే పిప్పరమెంటు బిళ్ళల కాగితాలు.

"ఇవి చెట్టు వెనక దొరికాయమ్మా. ఎవరివంటావ్?"

"నానమ్మా! పార్కులో చెత్త పడేశావా?" టెస్ నిజంగానే బిత్తరపోయింది.

అత్త సర్దిన అద్దాన్నే మళ్ళీ సర్దుకోసాగింది. కొడుకు చెట్టు వంకా, కాగితాల వంకా, తల్లి వంకా చూశాడు. మోసం దొరికింది, పందెం చెల్లదనొచ్చు. నేనైతే కచ్చితంగా అనేదాన్ని. వాడు కాగితాలు జేబులో కుక్కుకుని, అద్దంలో బాగా కనబడేలా వెళ్ళి నిలబడి, రెండు చేతులూ ఎత్తాడు. ఆవిడ బండిని ఒకే ఊపులో మా చోట్లోకి, అక్కడున్న బల్ల పక్కకి తెచ్చి పెట్టింది.

దిగి, బండి తాళాలు వాడి ముందు చాపింది.

"ఉంచుకో," అన్నాడు కర్ట్. "రేపు జయన్ పార్కు దాకా నువ్వే నడుపు. ఇంటికెళ్ళాక ఆ పోస్టు డబ్బా నేను నిటారుగా పాతుతాను. అది ముందునుంచీ వంగే ఉండేది."