వంకెంట

పోస్టులో వచ్చిన కట్ట విప్పితే మంజులత థీసిస్. గోదావరి జిల్లా పిల్ల, యూనివర్సిటీలో ఎం.ఫిల్. చదువుతోంది. నీళ్లు పోయిన చోట మనుషులు ఆ కరువును ఏ మాటలతో చెప్పుకుంటారన్నది ఆమె పరిశోధన. 2001లో ధర్మవరంలో మా ఇంటికి వచ్చి, మగ్గం ఆపించి, టేపురికార్డరు పెట్టి నా చేత మాట్లాడించింది.

బడికి పోకపోయినా చదవడం నేర్చుకున్నదాన్ని. పొట్లాల కాగితాలు కూడా వదలను. నూట పన్నెండో పేజీలో నా పేరు కనబడింది. "తన చెల్లెలు అక్కమ్మ నీళ్ల వంకతో ఇల్లు విడిచిందని వెంకటక్క చెప్పారు. కరువు ఆడవాళ్లకు ఊరు దాటే సాకు కూడా ఇచ్చింది."

పెనుకొండ దగ్గర మా ఊరివాళ్లు యాభై ఏళ్లుగా అంటున్నదీ అదే. నీళ్ల పేరు చెప్పి ఎవడితోనో లేచిపోయిందని. కాదని పోట్లాడుతూనే ఉన్నాను. ఇప్పుడు అదే నిందను నా నోట పెట్టి అట్ట వేశారు.

మర్నాడు పొద్దున ప్యాసింజరు ఎక్కాను. పెనుకొండ వస్తే కిటికీలోంచి తల తిప్పుకున్నాను. కట్ట మీది చిరునామా ప్రకారం మంజులత హిందూపురంలో గది తీసుకొని ఉంది.

"రండి మామ్మగారూ."

"నేను నీకు మామ్మను కాదు. టేపు పెట్టు."

టేపులో నా గొంతే. "నీళ్లకని వంకెంట పోయినాది. మళ్ల రాలేదు."

మా వైపు వంకంటే వాగు, వంకెంటంటే వాగు వెంట అని చెప్పాను. ఆమెకు ఆ మాటకు సాకు అనే అర్థమే తెలుసట. ఆ అధ్యాయమంతా దాని మీదే నిలబడి ఉందట, సోమవారం వైవా అట. ఒక్క మాటే కదా అంది.

"ఆ ఒక్క మాటకే మాయమ్మ పదేండ్లు గడప దాటల్యా. మారుస్తావా, నీ పరీక్షకు వచ్చి మీ సార్లను అడగల్నా?"

"బెదిరిస్తున్నారా?"

"ఊ. బెదిరిస్తాండా."

టేపు ఆపడం ఇద్దరమూ మరిచిపోయాం. అది తిరుగుతూనే ఉంది. "కొత్త చెప్పులేసుకొని పాయ, పిచ్చిది..."

మంజులత వెనక్కి తిప్పి మళ్లీ వినింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"ఇసుకలో నీళ్లకు చెలమ తవ్వుకోవడానికి కొత్త చెప్పులెందుకు?"

"ముండ్లుంటాయి."

నమ్మలేదు. నూట పన్నెండో పేజీ తీసి, కాగితం చిరిగేంత గట్టిగా ఆ వాక్యం కొట్టేసి, పైన "వాగు వెంట" అని రాసింది. పెన్ను నా ముందు పడేసింది.

"పక్కన సంతకం పెట్టండి. ఇది నా మాట కాదు, మీ మాట."

ఆ చెప్పులు నావి. అక్కమ్మ నీళ్లకు పోవడం లేదని నాకొక్కదానికే తెలుసు. వంకలో చెలమ దగ్గర వాటిని విప్పి, "శానా దూరం పోవాల, ఏసుకో" అన్నది నేనే.

పెన్ను తీసుకొని, ఆమె వేలు పెట్టి చూపిన చోట వెంకటక్క అని రాశాను.