మూడో అంతస్తులో జర్మనీ వసారా

సబ్రీన్ ఎవరి దగ్గరా పైకి అనని మాట ఒకటుంది. ఆమెకు తన గొంతంటే మహా గర్వం. నర్సరీలో పిల్లల్ని నిద్రపుచ్చే ఆయాకు ఇంత గర్వమా అని నవ్వుతారని అనలేదు. కానీ తను నోరు తెరిచి ఏదన్నా చెప్తే, వినేవాళ్లు పని మరిచిపోయి నిలబడతారని గట్టి నమ్మకం. కోరుట్లలో ఏడో తరగతితో బడి ఆగింది గానీ ఆ నమ్మకం ఆగలేదు.

శుక్రవారం పొద్దున ఎప్పటిలాగే బట్టల బకెట్టు ఎత్తుకుని వసారాలోకి నడిచింది. దోహాలోని అల్ మన్సూరాలో, పెద్దమ్మ ఆబిదా ఖాలాతో ఆమె ఉండే బిల్డింగులో మూడో అంతస్తు లిఫ్టు దిగి ఎడమకు తిరిగితే జర్మనీ కోట వసారా వస్తుంది. పొడుగాటి రాతి వసారా, పైన కమానులు, స్తంభాల అవతల ఆపిల్ తోట. దోహా ఎండకు బట్టల రంగు దిగిపోతుందని అందరూ ఇక్కడే ఆరేస్తారు. జనవరిలో తోట నిండా మంచు పడి ఉంటుంది కాబట్టి ఆరడం కాస్త ఆలస్యం, అంతే. తాడు ఒక కొస రాతి సాధువు విగ్రహం మెడకు, రెండో కొస లిఫ్టు పక్కనున్న పైపుకు. బిల్డింగు కాపలా చూసే ఖాసీం కొత్తగా దిగినవాళ్లకు ఒకటే చెప్తాడు: "ఆ చివరి తలుపు దాంక పోండ్రి, మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు. దాటుదామని చూస్తే గోడ అయితది. నా నొసలు బొప్పి కట్టింది."

అటునుంచి మాత్రం మనుషులు వస్తారు. కోట చూడవచ్చిన జర్మన్లు, వాళ్లకు ఎదురుగా తిరిగి వెనక్కి వెనక్కి నడుస్తూ కోట చరిత్ర చెప్పే బ్రిగిట్టె. తడి లుంగీల కింద తలలు వంచి "హలో, హలో" అంటూ పోతారు. ఆరేసిన దుప్పటి వెనక నిలబడి, దులిపిన షల్వారునే మళ్లీ మళ్లీ దులుపుతూ, సబ్రీన్ ఆ చరిత్రంతా వినేసింది. అర్థం కాని మాటను ఫోన్‌లో వెతుక్కుంది. వింటూ వింటూ జర్మన్ వచ్చేసింది.

పోయిన వారం బ్రిగిట్టెకు చెప్తూ చెప్తూ దగ్గు తెర వచ్చింది. మిగిలిన వాక్యం దుప్పటి వెనక నుంచి వినపడింది. బ్రిగిట్టె దుప్పటి ఎత్తి చూసి, బొంగురుగా నవ్వి, "వచ్చే శుక్రవారం నువ్వు చెప్పు. కోట కమిటీ పెద్దాయన కూడా వస్తాడు. నా గొంతు అయిపోయింది, నా చోట్లో ఎవరో ఒకరు కావాలి" అంది.

"ఏందే, రెండు బట్టలు ఆరేసేతందుకు ఇంతసేపా?" ఆబిదా ఖాలా వచ్చింది, చేతిలో ఫోన్‌తో. "జుమ్మా నమాజ్ కాంగనే మీ అబ్బాకు చెప్పాలె. కనీజ్ ఆపా ఒక్కతీరుగ అడుగుతున్నది."

కనీజ్ సబ్రీన్‌కు చూసిన పెళ్లికొడుకు తల్లి. సంబంధం మంచిదే. పిల్ల పనికి పోవద్దు, నలుగురిలో గొంతు వినపడొద్దు అని మాత్రం ముందే చెప్పేసింది.

"నువ్వే 'ఊ' అని చెప్దామనుకుంటున్నవు గద ఖాలా?"

"మరి నువ్వు నోరిప్పుతలేవు. నేనేం జెయ్యాలె?"

అప్పుడే తలుపు కిర్రుమంది. జర్మన్లు వచ్చారు. వాళ్లలో చేతికర్ర పట్టుకున్న పెద్దాయన ముఖాన నవ్వు లేదు. బ్రిగిట్టె పక్కకు జరిగి చెయ్యి చూపింది. సబ్రీన్ దుపట్టా సర్దుకుని, వాళ్లను లిఫ్టు దాకా తీసుకెళ్లి, అక్కడ చివరి తలుపు వైపు వీపు పెట్టి, వాళ్లకు ఎదురుగా నిలబడి, వెనక్కి అడుగేస్తూ మొదలుపెట్టింది.

ఇది మొదట సన్యాసినుల మఠం అంది. వాళ్లే రాళ్లు మోసి కట్టుకున్నారు. తర్వాత ఒక దొర సైన్యంతో వచ్చి, ఇక ఇది నా కోట అన్నాడు. ప్రార్థన గదిలో గుర్రాలు కట్టేశాడు. ఆ తర్వాత యుద్ధంలో ఆసుపత్రి అయింది, అనాథ పిల్లలకు బడి అయింది. ఎన్ని పేర్లు మారినా ఈ వసారా మాత్రం దారిన పోయేవాళ్లకు మూతపడలేదు. ఎందుకంటే...

వసారా మధ్యలో సమాధి దగ్గర ఆగింది. బ్రిగిట్టె ఇక్కడ ఎప్పుడూ ఆగేది కాదు. సమాధి మీద ఆకుపచ్చ చాదర్ కప్పి ఉంది, అగరొత్తులు వెలుగుతున్నాయి. రాయచోటి నుంచి వచ్చి అల్ హిలాల్‌లో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేసే నాగప్ప, చక్కెర చదివించి పంచడానికి పళ్లెం పట్టుకుని కూర్చున్నాడు. ఆ సమాధిలో ఉన్నామె బిల్డింగు అంతటికీ బీబీ, మహిమగల తల్లి. జ్వరం వచ్చినా, డ్యూటీ పోయినా ఆమెకే మొక్కు.

"పాపా, మా బీబీ గురించి ఏం చెప్తాండావు వాళ్లకు?"

చాదర్ కింద రాతి మీదున్న పేరు సబ్రీన్ ఎప్పుడో చదివింది, అది బ్రిగిట్టె చరిత్రలోని సన్యాసినిదే. చెప్తే చక్కెర ఆగిపోతుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. కానీ ఈ రోజు నోరు తెరిచింది కదా.

"నాగప్పన్నా, ఈమె బీబీ గాదు. మఠానికి పెద్ద సన్యాసిని, క్రైస్తవురాలు. దొర వచ్చి వెళ్లిపొమ్మంటే పోలే. కోట నీది, పొయ్యి నాది అన్నది. చచ్చేదాంక ఈడనే దారిన పోయేటోళ్లకు అన్నం పెట్టింది."

నాగప్ప చాదర్ వైపు చూశాడు, సబ్రీన్ వైపు చూశాడు.

"అయితే ఏమి పాపా? అన్నం పెట్టిన తల్లికి చక్కెర పెట్టేదానికి కులం అడగాల్నా? మా వూర్లో పీర్లను ఎత్తేది ఎవురనుకున్న్యావు? మేమే. చెప్పు వాళ్లకు, అందరికీ పెడతా, చేతులు పట్టమను."

సబ్రీన్ ఆ మాటను జర్మన్‌లో చెప్పింది. ఒక్కొక్కరే చెయ్యి చాపారు. అందరికన్నా ముందు కర్ర పెద్దాయన. అరచేతిలో చక్కెర నాకి, చిన్నపిల్లాడిలా పెదాలు తుడుచుకున్నాడు.

ఇక సబ్రీన్ ఆగలేదు. గొంతు కమానులకు తగిలి తిరిగి వస్తోంది. గుర్రాల గురించి, ఆసుపత్రిలో పాలు కాచిన నర్సుల గురించి, అనాథ పిల్లలు గోడల మీద గీసుకున్న బొమ్మల గురించి చెప్తూ వెనక్కి వెనక్కి నడిచింది. వినేవాళ్లు ఆమె ముఖం మీంచి చూపు తిప్పకుండా వెంట నడిచారు. వీపుకు చలి తగిలింది. మెడ మీద ఏదో మెత్తగా పడి కరిగింది. అప్పుడు తిరిగి చూసింది. ఆపిల్ చెట్టు, దాని పక్కన తోట గేటు, గేటు అవతల బస్సు ఆగే రోడ్డు. మళ్లీ ఇటు తిరిగితే తను దాటొచ్చిన తలుపు ఎదురుగా ఉంది, అవతల వసారాలో జర్మన్ల వెనక ఆబిదా ఖాలా. ముందుకు నడిచినవాళ్లకే ఆ తలుపు గోడ. వెనక్కి నడిచినవాళ్లను అది ఇంటి మనుషులు అనుకున్నట్టుంది.

"సోమవారం నుంచి పనిలోకి రండి," అన్నాడు పెద్దాయన, ఇది అడగాల్సిన సంగతే కాదన్నట్టు.

"రాత్రి తిండికి ఇంటికి పోవాలి," అంది సబ్రీన్.

"తలుపు తీసే ఉంటుంది."

సబ్రీన్ తిరిగి వసారాలోకి వచ్చింది. ఖాసీం నొసలు రుద్దుకుంటూ నిలబడ్డాడు. ఆబిదా ఖాలా పక్క ఫ్లాటు వాళ్లతో అప్పుడే మొదలుపెట్టింది: "మా చెల్లె బిడ్డ! గుటగుట నీళ్లు తాగినట్టు మాట్లాడ్తది జర్మన్!" సబ్రీన్‌ను చూడగానే గొంతు తగ్గించింది. "మరి మీ అబ్బాకు ఏం జెప్పాలె నేను?"

అబ్బా కోరుట్లలో నమాజుకు బయల్దేరుతూ ఉంటాడు. ఆయనకు ఖతర్ కూడా దుబాయే, రేపు జర్మనీ కూడా దుబాయే అవుతుంది. ముందు కోపం వస్తుంది. తర్వాత చాలాసేపు మాట్లాడడు. ఆ మాట్లాడని సేపంతా ఫోన్ పెట్టేయకుండా ఉండాలి.

"నువ్వు చెప్పకు ఖాలా," అంది సబ్రీన్, చెయ్యి చాపి. "ఫోన్ ఇటియ్యి. నేను చేస్త."